ఎర్ర సిరా ఆదివారాలు

2022వ సంవత్సరం, ఆగస్టు నెల. గుడివాడలో ఒక ఛాతీ వైద్యుల క్లినిక్‌లో నేను నర్సుగా చేరి అప్పటికి పంతొమ్మిదేళ్లు. కింద మందుల షాపు, మెట్లెక్కితే మా క్లినిక్, వరండాలో రెండు బెంచీలు. చుట్టుపక్కల పల్లెలతో పాటు అటు బందరు నుంచి, ఇటు దివిసీమ నుంచి కూడా ఆయాసం ఉన్నవాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. డాక్టరు గారు మందు రాస్తారు. రాసిన మందు పేషెంటు ఊపిరితిత్తుల దాకా చేరేలా చూడటం నా పని. ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో చూపిస్తాను, పీల్చింది సరిగా ఉందో లేదో చూస్తాను, సరిగా లేకపోతే అరుస్తాను. నాకు నోరెక్కువని మా ఆయన, మా డాక్టరు గారు, పేషెంట్లు అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి.

ఆ అరుపులన్నీ అయ్యాక ప్రతి పేషెంటుకీ ఒక మాట చెప్పి పంపేదాన్ని. "రోజూ తెల్లవారగట్ల లేచి నడవండి. ఆ టైములో గాలి స్వచ్ఛంగా ఉంటుంది." ఈ మాట నాకు ఎవరు నేర్పారో గుర్తులేదు. మా నాన్న అనేవాడు, స్కూల్లో టీచర్లు అనేవాళ్లు, నేనూ అన్నాను. పంతొమ్మిదేళ్లలో ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. దాని మీద నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

ఆ ఆగస్టులోనే సుందర్రావు గారు, మార్తమ్మ గారు మొదటిసారి వచ్చారు. పామర్రు దాటాక కాలవ వెంట లోపలికి వెళ్తే వచ్చే ఒక పల్లె వాళ్లది. మార్తమ్మ గారికి అరవై దాటాయి. ఆస్తమా చాలా ఏళ్లుగా ఉంది, దానికి తోడు షుగరు. సుందర్రావు గారు ఇరిగేషన్ డిపార్టుమెంటులో లస్కరుగా చేసి రిటైరయ్యారు. లస్కరంటే కాలవ కాపలా మనిషి. గట్టు వెంట నడుస్తూ గండ్లు పడకుండా చూసుకోవాలి, తూములు తీయాలి, మూయాలి, రోజుకు రెండు పూటలా నీటిమట్టం ఎంత ఉందో గేజి చూసి రిజిస్టరులో రాయాలి. ముప్పై ఏళ్లు అదే పని చేశారాయన. లోపలికి వచ్చేటప్పుడు ఆయన ముందు, ఆవిడ వెనక. మధ్యలో పది అడుగుల దూరం. ఆవిడ ఇంకా మెట్లెక్కుతుండగానే ఆయన నా బల్ల ముందు నిలబడి, "వందనాలండీ సిస్టరు గారూ. మా మనిషికి ఆయాసమండీ" అన్నారు.

"ఏరండీ మీ మనిషి?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూసి, "వస్తందండీ" అన్నారు.

డాక్టరు గారు చూసి రెండు రకాల ఇన్‌హేలర్లు రాశారు. స్పేసర్ కూడా రాశారు. ఇది ప్లాస్టిక్ గొట్టం, ఇన్‌హేలర్ దీనికి తగిలించి పీలిస్తే మందు గొంతులో చిక్కుకోకుండా లోపలికి వెళ్తుంది. వాటితో పాటు నేను వాళ్లకొక పీక్ ఫ్లో మీటర్ ఇచ్చాను. జానెడు గొట్టం, పక్కన అంకెలు, ఒక చిన్న ముల్లు. గట్టిగా గాలి పీల్చుకుని ఒక్క ఊపున ఊదితే ముల్లు ఎంతదాకా వెళ్లిందో అదే ఆ పూట ఊపిరి బలం. మూడుసార్లు ఊది, అందులో ఎక్కువ వచ్చింది రాసుకోవాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

సుందర్రావు గారు ఆ మీటరును అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇది గేజేనండీ" అన్నారు.

"గేజే. రాయడం వచ్చుగా?"

"ముప్పై ఏళ్లు రాసింది అదేగదండీ."

చివరికి నా మాట చెప్పాను. తెల్లవారగట్ల నడవండి, మంచి గాలి. "ఈవిడను ఒక్కరినే పంపకండి. గట్టు మీద చీకట్లో పడితే ఎవరు చూస్తారు? మీరూ వెళ్లండి పక్కన" అని కూడా అన్నాను. ఆయన తలూపారు. మార్తమ్మ గారు కొంగు సర్దుకుంటూ కిందికి చూసి నవ్వారు. ఆ నవ్వు నాకు గుర్తుండిపోయింది, కానీ దాని అర్థం అప్పుడు తెలియలేదు.

సెప్టెంబరులో వచ్చినప్పుడు ఆయన చేతిలో అట్టవేసిన పొడుగు నోటు పుస్తకం ఉంది. స్కేలు పెట్టి గీతలు గీశారు. తేదీ, ఉదయం, సాయంత్రం. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. మామూలు రోజులు నీలం సిరా, ఆదివారాలు ఎర్ర సిరా.

"ఎర్రగా ఉన్నవేంటండీ, ఆ రోజు బాగాలేదా?" అన్నాను కంగారుగా.

"కాదండీ. ఆదివారం. మా రిజిస్టరులో సెలవు దినాలు ఎర్రగా రాసేవాళ్లం" అన్నారు.

"మీ ఆవిడ ఊపిరికి కూడా ఆదివారం సెలవిచ్చారా?" అంటే మార్తమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో పిల్లికూతలు లేవు. ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలో వినపడే ఈల లాంటి శబ్దాన్ని మేము పిల్లికూతలంటాం. మొదట రెండొందల ఇరవై దగ్గర ఉన్న అంకె అక్టోబరు చివరికి రెండొందల తొంభై చేరింది. డాక్టరు గారు పుస్తకం చూసి, "ఈయన్ని మన క్లినిక్‌లో పెట్టుకుందామా?" అన్నారు. అందరం సంతోషించాం.

నవంబరు ఆఖరి వారంలో కథ తిరగబడింది.

డిసెంబరు మొదట్లో వాళ్లు వచ్చేసరికి మార్తమ్మ గారు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగారు. పుస్తకంలో పొద్దుటి అంకె రెండొందలకు దిగింది. సాయంత్రం కాస్త మెరుగు. డాక్టరు గారు దీన్ని మార్నింగ్ డిప్ అన్నారు, అంటే ఆస్తమా ఉన్నవాళ్లకు తెల్లవారుజామున ఊపిరి గొట్టాలు సహజంగానే కాస్త ముడుచుకుంటాయి. చలికాలం కూడా వచ్చింది కాబట్టి మందు డోసు పెంచి పంపారు. నేను మాత్రం ఊరుకోలేదు. "మీరు మందు సరిగ్గా పీల్చడం లేదు. బాగుందిలే అని మధ్యలో మానేసి ఉంటారు. నాకు తెలీదా?" అని మార్తమ్మ గారి మీద ఎగిరాను. ఆవిడ స్పేసరు తీసి, నా ముందే పీల్చి చూపించారు. నేను నేర్పినదాని కన్నా శుభ్రంగా పీల్చారు. నాకు మొహం చెల్లలేదు. వంటకు కట్టెల పొయ్యి వాడుతున్నారా అని అడిగాను. గ్యాసే. దోమల చుట్టలు పెడతారా? దోమతెర ఉంది. ఆయన చుట్టలు కాలుస్తారా? లేదు.

"పోనీ నడక మానేశారా?" అన్నాను.

"లేదండీ, ఒక్కరోజు మానలేదు. ఐదు గంటలకల్లా గట్టు మీదుంటాం" అన్నారు సుందర్రావు గారు. "మీరు చెప్పారు గదండీ."

"అదీ. అది మాత్రం మానకండి" అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి సాగడం లేదు. కానీ అన్నాను.

పదిహేను రోజుల తరవాత, ఒక శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆటోలో తీసుకొచ్చారు. మార్తమ్మ గారు ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నారు. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ దగ్గర గుంటలు పడుతున్నాయి. వెంటనే నెబ్యులైజర్ పెట్టాం, మందును ఆవిరి చేసి మాస్కు ద్వారా పంపే యంత్రం అది. డాక్టరు గారు పరీక్ష చేసి సుందర్రావు గారిని పక్కకు పిలిచారు. "ఈ రోజు తగ్గకపోతే విజయవాడ పంపాలి. తగ్గినా స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాలి. ఆవిడకు షుగరుంది, అవి వేస్తే షుగరు పెరుగుతుంది. ఇలా నెలకోసారి వస్తుంటే తట్టుకునే శరీరం కాదండీ" అన్నారు. ఆయన తలూపారు. తరవాత నా బల్ల మీద పుస్తకం పెట్టి, మందుల చీటీ తీసుకుని కిందికి దిగారు. రెండు మెట్లు దిగి, మళ్లీ పైకి వచ్చి, ఆవిడ కాళ్ల మీద దుప్పటి సర్ది వెళ్లారు.

నెబ్యులైజర్ పది పన్నెండు నిమిషాలు నడుస్తుంది. ఆ సేపు నేను పక్కన కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాను. ఏదో వెతుకుతూ కాదు, చేతికి పని కావాలి. డిసెంబరు పేజీ. నీలం, నీలం, నీలం, ఎర్ర. నీలం అంకెలు నూట తొంభై, రెండొందలు, నూట ఎనభై. ఎర్ర అంకె రెండొందల యాభై. కింద చూశాను. మళ్లీ ఆరు నీలాలు, ఒక ఎర్ర. ఎర్ర అంకె రెండొందల అరవై. నవంబరు ఆఖరి ఆదివారం కూడా అంతే. ఆస్తమాకు ఆదివారం తెలియదు. చలికీ తెలియదు.

"మార్తమ్మ గారూ, మాట్లాడకండి, తలూపండి చాలు. ఆదివారం పొద్దున నడకకు వెళ్తారా?"

అడ్డంగా తలూపారు.

మాస్కు తీసే టైమయ్యాక ఆవిడే నెమ్మదిగా చెప్పారు. ఆదివారం సుందర్రావు గారు తెల్లవారకముందే చర్చికి వెళ్లి తలుపులు తీసి, చాపలు పరుస్తారు, సంఘంలో ఆయన పెద్ద. ఈవిడ ఇంట్లో వంట పూర్తి చేసుకుని ఆరాధనకు వెళ్తారు. అందుకని ఆ ఒక్కరోజూ నడక ఉండదు. మిగతా రోజుల్లో గేజి ఎప్పుడు ఊదుతారని అడిగాను. నడిచి వచ్చాక, అరుగు మీద కూర్చుని.

"గట్టు మీద ఇప్పుడు ఎలా ఉంటుంది?"

"పొగండీ" అన్నారు. "మిషన్లతో కోసి గడ్డి తగలబెడతన్నారు గదా, రెండు పక్కలా పొలాలే. పొద్దుట మంచూ పొగా కలిసి కాలవ మీద పరుచుకునుంటాయి. ఆయన టార్చిలైటు వేసినా నాలుగడుగులు కనపడదు. నాకు గొంతులో కారం పోసినట్టుంటది."

"మరి చెప్పరేంటండీ? రోజూ ఆయాసం వస్తుంటే నడక మానేయొచ్చు కదా? నాకు చెప్పొచ్చు కదా? నేను అన్ని ప్రశ్నలు అడిగితే నోరు విప్పలేదేం?" నా గొంతు పెరిగింది. కోపం ఆవిడ మీద కాదు, కానీ ఎదురుగా ఉన్నది ఆవిడే.

మార్తమ్మ గారు మెట్లవైపు ఒకసారి చూశారు. ఆయన ఇంకా రాలేదు. అప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు.

"పెళ్లయిన కాడ్నుంచీ ఆయన వెనకాలే నడిచానండీ సిస్టరు గారూ. ఆయనది లస్కరు నడక, అందుకోలేను. అందుకోకూడదు కూడాను, మావైపు అంతే. మీరు పక్కన నడవమన్నారని, చీకట్లో ఎవరూ చూడరని పక్కన నడుస్తన్నారు. నా నడకకి తన నడక తగ్గించుకుంటారు. ఆ తూము కాడ ఏం జరిగిందీ, వరదొచ్చినప్పుడు గట్టు ఎట్టా నిలబెట్టారూ, అన్నీ చెప్తారు. ముప్పై ఏళ్లలో నాకు ఇవేవీ చెప్పలేదండీ. ఆ గంటా తీసేయకండి. మందు ఇంకోటి ఏదైనా ఉంటే ఇవ్వండి."

నేను చాలామంది పేషెంట్ల అబద్ధాలు విన్నాను. సిగరెట్ మానేశానన్నవాళ్లు, మందు వేసుకుంటున్నానన్నవాళ్లు. ఊపిరి ఆడకపోయినా పరవాలేదని దాచిన మనిషిని అప్పటిదాకా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. నర్సు పేషెంటు ముందు ఏడవకూడదని ట్రైనింగులో చెప్పారు, అందుకని లేచి నెబ్యులైజర్ గొట్టం కడగడానికి సింకు దగ్గరికి వెళ్లాను.

సుందర్రావు గారు మందులతో వచ్చేసరికి డాక్టరు గారిని కూడా పిలిచి పుస్తకం ముందు పెట్టి, ఎర్ర రోజుల్లో నడక లేదనీ, మిగతా రోజుల్లో గట్టు మీద పొగనీ చెప్పాను. డాక్టరు గారు ఎర్ర అంకెల మీద వేలు పెట్టుకుంటూ చివరిదాకా వెళ్లారు. తరవాత వాళ్లిద్దరికీ విడమరచి చెప్పారు. గడ్డి కాలినప్పుడు కంటికి కనపడనంత సన్నటి నుసి లేస్తుంది. ముక్కులో ఆగే దుమ్ము కాదది, ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది, కొంత రక్తంలోకీ దిగుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకే కాదు, గుండె జబ్బు ఉన్నవాళ్లకూ ప్రమాదమే. ఎండ ఉన్నప్పుడు నేల వేడెక్కి పొగ పైకి పోతుంది. చలికాలం రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి కదలదు, పొగ మూతపెట్టినట్టు కిందే ఉండిపోతుంది. కాబట్టి మన దగ్గర ఈ నెలల్లో అన్నిటికన్నా చెడ్డ గాలి తెల్లవారుజాము గాలే. ముక్కుకు కట్టుకునే తువ్వాలు గానీ గుడ్డ మాస్కు గానీ దాన్ని ఆపలేవు.

సుందర్రావు గారు పుస్తకం తన వైపు తిప్పుకుని చూశారు. పెదాలు కదుపుతూ అంకెలు చదువుకున్నారు. "గేజి పడిపోయిందంటే పైన ఎక్కడో తూము తీశారని అర్థమండీ. నాకు తెలియాలి. రాసింది నేనే. రోజూ తీసుకెళ్లింది నేనే" అన్నారు.

"మీరు కాదండీ. తెల్లవారగట్ల నడవమని చెప్పింది నేను. మొన్న కూడా మానొద్దని చెప్పి పంపింది నేనే. తప్పు నాది" అన్నాను. డాక్టరు గారు నావైపు చూసి, "మనందరిదీ" అని మెల్లగా అన్నారు. మార్తమ్మ గారు మా ముగ్గురినీ చూసి, "ఎవరిదైతే ఏవుందిలెండి, ఇప్పుడు బాగానే ఉంది" అని మమ్మల్నే ఓదార్చారు.

నడక మానకూడదు, టైము మారాలి అన్నారు డాక్టరు గారు. ఎండ బాగా వచ్చాక, పదిన్నర పదకొండు మధ్య. గట్టు దగ్గర తగలబెట్టిన రోజు మాత్రం అసలు వద్దు. సుందర్రావు గారి మొహంలో మొదట ఊరట కనపడింది, తరవాత ఇంకేదో.

"పగలాండీ?"

"అవును, పగలే. ఏం?"

"పగలంటే... అందరూ చూస్తంటారు గదండీ."

డాక్టరు గారికి అర్థం కాలేదు. నాకు అయింది. మార్తమ్మ గారు దుప్పటి మడత పెట్టుకుంటూ తల ఎత్తలేదు. ఆవిడ నాకు రహస్యంగా చెప్పిన మాట అది, నేను దాన్ని ఆయన ముందు పెట్టలేను. ఎప్పుడూ ఆగని నా నోరు ఆ రోజు ఆగిపోయింది.

జనవరిలో రివ్యూకి వచ్చారు. అంకెలు చూసి డాక్టరు గారు చాలా సంతోషించారు. పొద్దుటి అంకె రెండొందల డెబ్భైకి వచ్చింది, స్టెరాయిడ్ మాత్రలు ఆపేశారు. నీలానికీ ఎర్రకీ తేడా లేదు. కానీ మార్తమ్మ గారు బెంచీ మీద గోడవైపు చూస్తూ కూర్చున్నారు. నడుస్తున్నారా అని అడిగాను.

"నడుస్తందండీ. మా వరండాలో ఆ మూల నుంచి ఈ మూలకి" అన్నారు సుందర్రావు గారు. "నేను లెక్కపెడతన్నాను."

"మీరు?"

"నేనెందుకండీ, నాకేం ఆయాసం లేదుగా."

అప్పుడిక ఆగలేదు నేను. "సుందర్రావు గారూ, మీకు గేజి చూడటం వచ్చు, మనిషి మొహం చూడటం రాదు" అన్నాను. "ఊపిరి అంకె పెరిగింది, నిజమే. ఆవిడ నవ్వి ఎన్ని రోజులైంది? ఆ నోటు పుస్తకంలో రాశారా?"

"పోనీండి సిస్టరు గారూ" అన్నారు మార్తమ్మ గారు కంగారుగా. ఆయన ఆవిడవైపు చూశారు. చాలాసేపు చూశారు. తరవాత పుస్తకం సంచిలో పెట్టుకుని మెట్లు దిగారు, ఆయన ముందు, ఆవిడ వెనక. చెప్పకూడని మాట సగం చెప్పేశానా అని నాకు ఆ వారమంతా మనసు మనసులో లేదు.

ఫిబ్రవరిలో ఒక సెలవు రోజున నేను దివిసీమలో మా పుట్టింటికి బయల్దేరాను. గుడివాడలో బస్సెక్కితే పామర్రు దాటాక కొంత దూరం కాలవ పక్కనే వెళ్తుంది. కిటికీ దగ్గర కూర్చున్నాను. పదకొండు కావస్తోంది. మంచు ఎప్పుడో విడిపోయింది. కోసిన పొలాల్లో మినుము పచ్చగా లేచింది, అక్కడక్కడ నల్లటి మడులు ఉన్నాయి. కాలవ అవతలి గట్టు మీద ఒక నల్ల గొడుగు కనపడింది.

ముందు ఆయన, వెనక ఆవిడ. అదే పది అడుగుల దూరం. నాకు ప్రాణం ఉసూరుమంది. బస్సు స్టాపులో ఆగింది. అప్పుడు గట్టు మీద ఆయన కూడా ఆగారు. నీళ్లవైపు చూస్తున్నట్టు నిలబడ్డారు. వంతెన మీద నలుగురైదుగురు కూర్చుని ఇటే చూస్తున్నారు. ఆవిడ నెమ్మదిగా నడిచి ఆయన్ని చేరుకున్నారు. ఆయన గొడుగును ఎడమ చేతిలోకి మార్చుకుని, ఆవిడ మీదకు వంచారు. తరవాత ఇద్దరూ కలిసి నడిచారు, పక్కపక్కనే, వంతెన వైపు, ఆ నలుగురి ముందు నుంచే.

ఆ స్టాపులో ఎక్కి నా పక్కన కూర్చున్న ఆవిడ నేను అటే చూడటం గమనించింది. "మా లస్కరు మావయ్య గారండీ" అంది. "రోజూ ఇదే టైముకి. మొదట్లో మావాళ్లు నవ్వేరు. పెళ్లికొడుకు అని పేరు పెట్టేరు. ఇప్పుడు వాళ్లు వంతెన దాటితే పదకొండైందని కుక్కరు పెట్టుకుంటన్నాం."

"గడ్డి తగలబెట్టేటప్పుడు?" అని అడిగాను.

"ముందురోజు మావయ్యకి కబురు చెప్తారండీ. నీళ్లొదులుతున్నారంటే ముప్పై ఏళ్లు మీ ఇళ్లకొచ్చి నేను చెప్పేను, నిప్పు పెట్టేటప్పుడు నాకు మీరు చెప్పండర్రా అన్నారు. ఎవరు కాదంటారు? కబురందితే ఆళ్లిద్దరూ బందరులో కూతురింటికి పోతారు. పాపం మా బావ రెండెకరాలు అసలు కాల్చలేదు ఈసారి, గడ్డి కట్టలు కట్టించి పశువులాళ్లకి ఇచ్చేసేడు. అందరూ అట్టా చేయలేరనుకోండి. కూలీలు దొరకరు, మినుముకి అదును దాటిపోద్ది."

నేను అవునన్నాను. పొగ ఆగిపోయిందని నేను చెప్పడం లేదు. మా వరండాలో బెంచీలు ఇప్పటికీ డిసెంబరులో చాలవు. ఒక పల్లెలో ఒక మనిషి కోసం కొందరు ముందురోజు కబురు చెప్పడం మొదలుపెట్టారు, అంతే జరిగింది.

మార్చిలో వాళ్లు మళ్లీ వచ్చారు. పుస్తకంలో ఇంకో గడి కొత్తగా గీసి ఉంది. తేదీ, ఉదయం, సాయంత్రం, నడక. ఆ నాలుగో గడిలో జనవరి నెలంతా "వరండా" అని ఉంది. ఫిబ్రవరి మొదటి వారం నుంచి ప్రతి వరసలోనూ ఒకే మాట రాసి ఉంది. "ఇద్దరం." ఆదివారాల్లో కూడా, ఎర్ర సిరాతో, "ఆరాధన తరవాత, ఇద్దరం."

అంకె మూడొందలు దాటింది. డాక్టరు గారు పుస్తకం మూసి, "ఇంక మంచు పోయింది, కాల్చడాలు అయిపోయాయి, ఎండలు ముదురుతున్నాయి. మళ్లీ నవంబరు దాకా తెల్లవారగట్ల వెళ్లినా పరవాలేదు. మీ పాత టైమే పెట్టుకోవచ్చు" అన్నారు.

సుందర్రావు గారు ఆవిడవైపు తిరిగి, "ఏమంటావు?" అన్నారు. ఆయన ఆవిడను ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి.

మార్తమ్మ గారు కొంగు సర్దుకున్నారు. "వద్దులెండి. గొడుగుందిగా" అన్నారు. "పగలే బాగుంది."

ఈ కేసు తరవాత నేను ఎవరికీ తెల్లవారగట్ల నడవమని చెప్పలేదు. ఎప్పుడు నడుస్తారు, ఎక్కడ నడుస్తారు అని ముందు అడుగుతాను. పొలం పక్కనా, మిల్లు పక్కనా, లారీలు తిరిగే రోడ్డా అని అడుగుతాను. మీటరు ఊదేది నడకకు ముందో తరవాతో అడుగుతాను. మందు పనిచేయనప్పుడు పేషెంటు మీద అరవడానికి ముందు, నేనేం చెప్పానో గుర్తు తెచ్చుకుంటాను. ఎప్పుడు, ఎక్కడ అనే ఆ రెండు ప్రశ్నలనూ డాక్టరు గారు మా కేసు షీటులో అచ్చు వేయించారు. వాటి కింద ఖాళీ జాగాలో ఇంకో ప్రశ్న నేనే పెన్సిలుతో రాసుకుంటాను, ఎవరితో నడుస్తారు అని.